ఇంట్లో కంప్యూటర్ మీద బీట్లు కట్టాలంటే ఏ సాఫ్ట్‌వేర్? బెంగళూరు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, కేఆర్ పురం, బీటీఎం లేఅవుట్ వైపు పీజీల్లో ఉంటూ, ఆఫీసు అయ్యాక రాత్రిపూట ల్యాప్‌టాప్ ముందేసుకుని బీటు కట్టాలని చూసే తెలుగు పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలివి. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు, ఇక్కడే పుట్టి ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అందరికీ దాదాపు అవే సందేహాలు. పక్కన కూర్చుని చెప్పినట్టే రాశాను.

నేను సంగీతం నేర్చుకోలేదు. నా వల్ల అవుతుందా?

అవుతుంది. పాట వింటూ తొడ మీద దరువు వేయగలిగితే చాలు, మొదలుపెట్టేయండి. స్వరాలు, శృతి, రాగం సంగతి పని చేస్తుండగా ఒక్కొక్కటే తెలిసివస్తాయి. దరువు మాత్రం ముందు ఒంట్లో ఉండాలి. అది మీకుందని మీకే తెలుసు, లేకపోతే ఈ పేజీ దాకా వచ్చేవాళ్లు కాదు.

ఈ సాఫ్ట్‌వేర్‌లని ఏమంటారు? లోపల ఏముంటుంది?

డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు, పొట్టిగా డా (DAW) అని పిలుస్తారు. పేర్లు ఎన్నున్నా లోపల ఉండేవి ఇవే: గళ్లలో టిక్కులు పెట్టి దరువు కట్టే స్టెప్ సీక్వెన్సర్, స్వరాలు గీసే పియానో రోల్, ముక్కలన్నీ వరసగా పేర్చి పాట తయారుచేసే టైమ్‌లైన్, ఏ శబ్దం ఎంత వినపడాలో చూసే మిక్సర్. చాలా డాల్లో ఈ నాలుగూ ఏదో ఒక రూపంలో ఉంటాయి, కొన్నిట్లో ఒకటి అరా ఉండకపోవచ్చు. ఒక్కదాంట్లో చేయి తిరిగితే ఇంకోదానికి మారడం పెద్ద పనేం కాదు. అందుకే మొదటి ఎంపిక గురించి మరీ అంత బెంగపడొద్దు.

ఆడాసిటీ సంగతి చాలామంది అడుగుతారు. రికార్డు చేయడానికి, కోసి అతికించడానికి అది చాలా మంచిది, ఉచితం కూడా. బీటు కట్టే పనికి మాత్రం సరిపోదు.

సరే, ఇవన్నీ తర్వాత. ఒక్క పేరు చెప్పండి.

మీ ఇంట్లో ఏ కంప్యూటర్ ఉందో చెబితే నేను పేరు చెబుతాను. ఫలానా సంగీత దర్శకుడు ఏది వాడతాడన్నది మొదటి ఆరు నెలల్లో మీకు పనికొచ్చే విషయం కాదు.

మాక్ ఉంటే గరాజ్‌బ్యాండ్. ఆపిల్ వాళ్లది, ఉచితం. డ్రమ్మర్ అనే ట్రాక్ పెట్టుకుంటే మీరు చెప్పిన శైలిలో అదే వాయిస్తుంది. దాని మీద బేసు, కీస్ వేసుకోవచ్చు, మైకు పెట్టి పాడుకోవచ్చు. రేపు లాజిక్ ప్రోకి వెళ్లాలనిపిస్తే గరాజ్‌బ్యాండ్ ప్రాజెక్టు అందులో నేరుగా తెరుచుకుంటుంది. మాక్ చేతిలో పెట్టుకుని ఇంకేదో కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే: ముందు గరాజ్‌బ్యాండ్‌లో ఒక పాట పూర్తి చేసి రండి.

విండోస్ ఉండి, డబ్బు పెట్టే ఉద్దేశం ఉంటే ఎఫ్ఎల్ స్టూడియో. బెల్జియంలోని ఇమేజ్-లైన్ వాళ్లది, ఒకప్పుడు దాని పేరు ఫ్రూటీలూప్స్. గళ్లలో టిక్కు పెట్టగానే మోగుతుంది, అందుకే కొత్తవాళ్లకి మొదటి గంటలోనే ఏదో ఒకటి తయారవుతుంది. ఒకసారి కొంటే ఆ తర్వాత వచ్చే కొత్త వెర్షన్లన్నీ జీవితాంతం ఉచితం. నెల నెలా కట్టే పని లేదు. ఉద్యోగంలో కొత్తగా చేరి, ఊరికి డబ్బు పంపే కుర్రాళ్లకి ఈ ఒక్క విషయం ఎంత ఊరటో నాకు తెలుసు. 2018 నుంచి మాక్‌లో కూడా వస్తోంది.

విండోస్ ఉండి, పైసా పెట్టలేని పరిస్థితి అయితే ఎల్ఎంఎంఎస్. దాని గురించి కింద విడిగా రాశాను.

బీటు కంటే మీ గొంతు, గిటార్, ఇంట్లో ఉన్న మృదంగం రికార్డు చేయడమే ముఖ్యమైతే రీపర్ చూడండి. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఒకప్పుడు కంప్యూటర్లలో పాటలు వినడానికి వాడిన వినాంప్‌ని తయారుచేసిన జస్టిన్ ఫ్రాంకెల్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. చాలా తేలిక, పాత మెషీన్లలో కూడా పరుగెడుతుంది. ఒక్కటే చిక్కు: డ్రమ్ముల శబ్దాలు, లూపులు (తిరిగి తిరిగి మోగే ముక్కలు) దానితోపాటు రావు, మీరే తెచ్చుకోవాలి. మొదటిసారి తెరిచినవాళ్లకి ఖాళీ తెర కనిపించి గుండె జారిపోతుంది. అందుకే బీట్లతో మొదలుపెట్టేవాళ్లకి నేను దాన్ని ముందు చెప్పను.

ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌తోనే నెట్టుకురావచ్చా?

కొన్నాళ్లు నెట్టుకురావచ్చు, కానీ సంగతి తెలుసుకుని మరీ. ట్రయల్‌కి గడువు లేదు. అన్నీ పనిచేస్తాయి, తయారైన పాటని ఆడియో ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. ప్రాజెక్టుని సేవ్ కూడా చేస్తుంది. కానీ అలా సేవ్ చేసినదాన్ని, లైసెన్సు కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు. రాత్రి రెండు గంటల దాకా కూర్చుని కట్టిన బీటుని పొద్దున తెరవబోతే రాకపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కాబట్టి ట్రయల్‌లో ఉన్నన్నాళ్లూ ఒక్క సిట్టింగ్‌లో అయిపోయే చిన్న బీట్లే కట్టండి. లేచే ముందు కిక్, స్నేర్ అనే డ్రమ్ము దెబ్బలు, బేస్ దేనికది విడివిడిగా వేవ్ ఫైలుగా తీసి దాచుకోండి. సేవ్ చేసిన ఫైళ్లని కూడా పారేయొద్దు, కొన్నాక అవన్నీ తెరుచుకుంటాయి.

కొనేటప్పుడు ఎడిషన్లు చూసుకోండి. అన్నిటికంటే తక్కువ ధర ఉన్నది ఫ్రూటీ ఎడిషన్, దాని పైది ప్రొడ్యూసర్. మైకు పెట్టి గొంతు రికార్డు చేసే ఉద్దేశం ఉంటే ప్రొడ్యూసర్ తీసుకోవాలి. పది మందిలో తొమ్మిది మంది ఏదో ఒక రోజు పాడాలనుకుంటారు, అందుకని ఇంకో రెండు నెలలు ఆగి ప్రొడ్యూసరే కొనమంటాను.

ఎల్ఎంఎంఎస్ ఉచితం కదా, నాసిరకంగా ఉంటుందా?

అలా అనుకోవద్దు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది. విండోస్, లినక్స్, మాక్ మూడింట్లోనూ నడుస్తుంది. గళ్ల సీక్వెన్సర్, పియానో రోల్, సాంగ్ ఎడిటర్ అన్నీ ఉన్నాయి. ఎఫ్ఎల్ స్టూడియో చూసినవాళ్లకి చూడగానే అలవాటైనట్టు అనిపిస్తుంది. జిన్‌యాడ్‌సబ్‌ఎఫ్ఎక్స్ అనే మంచి సింథసైజర్ (రకరకాల శబ్దాలు పుట్టించే వాయిద్యం) అందులోనే ఇస్తారు. ప్రాజెక్టు సేవ్ చేసి ఎన్నిసార్లయినా తెరుచుకోవచ్చు.

లోటల్లా ఒకటే, 1.2 వెర్షన్‌లో మైకు నుంచి నేరుగా రికార్డు చేయలేరు. ఆడాసిటీలో రికార్డు చేసి, ఆ ఫైలుని ఇందులోకి లాక్కోవాలి. రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తిరగడం విసుగే, కానీ డబ్బులేని దశలో ఇంతకంటే నిజాయితీ గల దారి నాకు కనిపించలేదు.

ఏబుల్టన్ లైవ్ గురించి ఎవరూ చెప్పరేం?

బెర్లిన్ కంపెనీది, చాలా గొప్ప సాఫ్ట్‌వేర్. ముక్కల్ని పెట్టెల్లా పేర్చుకుని, ఏది ఎప్పుడు మోగాలో అప్పటికప్పుడు నొక్కుతూ వాయించుకోవచ్చు. స్టేజి మీద వాయించాలనుకునేవాళ్లకి దానికి సాటి లేదు. పూర్తి వెర్షన్ ఖరీదు మాత్రం కొత్తవాళ్లకి భారం. అయితే నోవేషన్ లాంచ్‌కీ మినీ లాంటి చిన్న మిడి కీబోర్డులు (కంప్యూటర్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్‌లోని శబ్దాలు వాయించే పియానో కీలు) కొంటే లైవ్ లైట్ అనే చిన్న వెర్షన్ కోడ్ వాటితోపాటే వస్తుంది. ఎలాగూ కీబోర్డు కొనేవాళ్లు డబ్బా మీద ఏ సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారో చూసి కొనండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేసుకోవచ్చా?

వద్దు. బెంగళూరులో ఎక్కువ వచ్చే ప్రశ్న ఇదే, ఎందుకంటే చాలామంది దగ్గర ఉన్న మంచి మెషీన్ అదొక్కటే. ముందు అసలు అడ్మిన్ అనుమతి ఉండదు. ఉన్నా, కంపెనీ మెషీన్‌లో సొంత సాఫ్ట్‌వేర్ వేయడం మీ ఒప్పందానికి విరుద్ధం కావచ్చు. అన్నిటికీ మించి, ఉద్యోగం మారే రోజున ల్యాప్‌టాప్ అప్పగించేస్తారు, దానితోపాటే మీ పాటలూ వెళ్లిపోతాయి.

బ్రౌజర్‌లో నడిచే బ్యాండ్‌ల్యాబ్ ఒకటుంది, ఉచితం. దాన్ని కూడా ఆఫీసు మెషీన్‌లో తెరవమని నేను చెప్పను. మీ ఫోన్‌లోనో, ఇంట్లో తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లోనో తెరవండి. నెట్ ఉన్నంతసేపూ బాగా పనిచేస్తుంది, ఊళ్లో ఉన్న స్నేహితుడితో కలిసి ఒకే ప్రాజెక్టు మీద కూర్చోవచ్చు.

నాది పాత ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. కొత్తది కొనాలా?

ఇప్పుడే కొనొద్దు. ఎల్ఎంఎంఎస్, రీపర్ దానిలో నడుస్తాయి. తడబడుతుంటే ఎస్పీ రోడ్‌కి వెళ్లి ర్యామ్ 8 జీబీకి పెంచుకుని, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించుకోండి. వెళ్లే ముందు మీ మోడల్‌లో ర్యామ్ మార్చే వీలుందో లేదో చూసుకోండి, పల్చటి ల్యాప్‌టాపుల్లో చాలావాటికి బోర్డుకే అతికించేసి ఉంటుంది. పాట బరువెక్కి ఆగి ఆగి మోగుతుంటే, పూర్తయిన ట్రాకుల్ని ఆడియోగా మార్చేసి వాటి సింథ్‌లని ఆపేయండి. సగం భారం అక్కడే తగ్గుతుంది.

కీ నొక్కిన కాసేపటికి శబ్దం వస్తోంది. ల్యాప్‌టాప్ చెడిపోయిందా?

ముందు చెవిలో ఏముందో చూడండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లయితే దోషం వాటిది. బ్లూటూత్‌లో శబ్దం 100 నుంచి 200 మిల్లీసెకన్ల దాకా ఆలస్యంగా రావడం మామూలే. అది ఎంతో లెక్క కట్టి చూడండి. టెంపో 100 అంటే నిమిషానికి 100 తాళపు దెబ్బలు (ఒక్కో దెబ్బనీ బీటు అనే అంటారు), ఒక బీటు 600 మిల్లీసెకన్లు. గళ్లలో ఒక గడి బీటులో నాలుగో వంతు, అంటే 150 మిల్లీసెకన్లు. మీరు మూడో గడిలో కొట్టింది నాలుగో గడిలో వినిపిస్తోందన్నమాట. అలా వింటూ ఎవరూ తాళంలో వాయించలేరు. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు, ఎందుకంటే బొమ్మని కూడా అంతే వెనక్కి జరిపి చూపిస్తారు.

వైరున్న హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ఖరీదైనది అక్కర్లేదు, వైరుంటే చాలు.

అప్పటికీ ఆలస్యం ఉంటే విండోస్‌లో ఏసియో డ్రైవర్ (శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో పంపే చిన్న సాఫ్ట్‌వేర్) ఎంచుకోండి. ఎఫ్ఎల్ స్టూడియోకి సొంత ఏసియో ఉంది, రీపర్, లైవ్ లాంటివాటికి ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకోవచ్చు. తర్వాత బఫర్ (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసి పంపే శబ్దం ముక్క సైజు) తగ్గించండి. 44,100 శాంపిల్ రేటులో బఫర్ 512 అంటే సుమారు 12 మిల్లీసెకన్లు, 128 అంటే 3. మరీ తగ్గిస్తే చిటపటలు మొదలవుతాయి. వాయించేటప్పుడు తగ్గించి, మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు పెంచేసుకోండి. మాక్‌లో ఈ డ్రైవర్ తంటా లేదు.

మిడి కీబోర్డు తప్పనిసరా?

కాదు. ఎఫ్ఎల్ స్టూడియో, గరాజ్‌బ్యాండ్, ఎల్ఎంఎంఎస్, లైవ్ అన్నిట్లోనూ ల్యాప్‌టాప్ కీలనే పియానోలా వాడుకోవచ్చు. ఎంత గట్టిగా నొక్కారన్నది మాత్రం వాటికి తెలియదు, ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతుంది. తర్వాత పియానో రోల్‌లో కొన్ని దెబ్బల వెలాసిటీ (దెబ్బ బరువు) తగ్గించండి, ప్రాణం వస్తుంది.

అన్నిట్లోనూ 16 గళ్లే ఉన్నాయి. మన తాళాలు ఇందులో పడతాయా?

పడతాయి. కాస్త ఓపిగ్గా చదవండి, నేను ఎక్కువ మాట్లాడాలనుకున్నది దీని గురించే.

తెరవగానే కనిపించే 16 గళ్లు 4/4 లెక్క. నాలుగు బీట్లు, ఒక్కో బీటుకి నాలుగు గళ్లు, ఈ మొత్తాన్ని ఒక బార్ అంటారు. చతురశ్ర నడకలో, అంటే నాలుగేసిగా విడిపోయే నడకలో, ఆది తాళం ఇందులో హాయిగా కూర్చుంటుంది, ఎనిమిది అక్షరాలు (తాళంలో లెక్కపెట్టే లెక్కలు) కాబట్టి రెండు బార్లు పడుతుంది. మిగతావాటికి మీరే గళ్లు మార్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ తనంతట తాను అడగదు, కాబట్టి చాలామంది ఆ 16 గళ్లే లోకమనుకుని ఉండిపోతారు.

ఖండచాపు తీసుకోండి. తక తకిట, ఐదు అక్షరాలు. టైమ్ సిగ్నేచర్ (బార్‌లో ఎన్ని లెక్కలో చెప్పే సెట్టింగు) 5/8 పెట్టండి, బార్‌కి 10 గళ్లు వస్తాయి, ఒక్కో అక్షరానికి రెండు. మొదటి గడిలో కిక్, ఐదో గడిలో క్లాప్, తొమ్మిదో గడిలో మెల్లగా హ్యాట్. మళ్లీ మళ్లీ తిప్పి వింటూ నోటితో తక తకిట అనండి, రెండూ కలవాలి. టెంపో దగ్గర ఒక మెలిక ఉంది. చాలా సాఫ్ట్‌వేర్లు 5/8లో ఉన్నా టెంపోని రెండేసి అక్షరాల లెక్కనే చూస్తాయి. నిమిషానికి 180 అక్షరాలు పడాలంటే టెంపో 90 అని పెట్టాలి. మిశ్రచాపు, తకిట తకధిమి, ఇదే పద్ధతిలో 7/8. బార్‌కి 14 గళ్లు.

ఇక తీన్మార్. కేఆర్ పురంలో ఉండే ఒక కుర్రాడు ఊళ్లో జాతరలో విన్న దరువు కట్టుకొచ్చి వినిపించాడు. అన్ని దెబ్బలూ ఉన్నాయి, ఊపు లేదు. తెర చూస్తే విషయం అర్థమైంది, మూడుగా విడిపోయే నడకని నాలుగేసి గళ్లలో ఇరికించాడు. ఒక దెబ్బ ముందుకి, ఒక దెబ్బ వెనక్కి జరిగి దరువు కుంటుతోంది. గ్రిడ్‌ని ట్రిప్లెట్‌కి మార్చాం, బీటుకి మూడు, బార్‌కి పన్నెండు. అవే దెబ్బలు మళ్లీ పేర్చేసరికి కాలు దానంతటదే ఆడింది. ఎఫ్ఎల్ స్టూడియో పియానో రోల్‌లో స్నాప్‌ని 1/3 బీట్‌కి పెట్టాలి. లైవ్‌లో గ్రిడ్ మీద రైట్ క్లిక్ చేస్తే ట్రిప్లెట్ గ్రిడ్ కనిపిస్తుంది. ఎల్ఎంఎంఎస్ పియానో రోల్‌లో 1/12 ఎంచుకోవాలి.

శృతి సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పాడేవాళ్లు ఒకటి శృతి అంటే సీ, ఒకటిన్నర అంటే సీ షార్ప్, రెండు అంటే డీ, నాలుగు అంటే ఎఫ్, ఐదు అంటే జీ. బేసు గీసేముందే పాడే మనిషిని మీ శృతి ఎంత అని అడగండి. బీటు మొత్తం అయ్యాక అడిగితే స్వరాలన్నీ మళ్లీ జరపాల్సి వస్తుంది.

డప్పు, మృదంగం శబ్దాలు ఎక్కడ దొరుకుతాయి?

సాఫ్ట్‌వేర్‌తో వచ్చేవాటిలో తబలా అక్కడక్కడా కనిపిస్తుంది, డప్పు దాదాపు కనిపించదు. ఫ్రీసౌండ్ సైటులో వెతకొచ్చు, కానీ ప్రతి శబ్దం పక్కనా లైసెన్సు చూడండి. కొన్ని దేనికైనా వాడుకోవచ్చు, కొన్నిటికి పేరు చెప్పాలి, కొన్ని డబ్బు సంపాదించే పనికి వాడకూడదు.

అసలు మార్గం ఊరెళ్లినప్పుడు రికార్డు చేసుకోవడం. డప్పు కాచి సిద్ధం చేశాక, వాయించే ఆయన్ని విడివిడి దెబ్బలు కొట్టమని అడగండి. చిర్ర అనే కర్రతో మధ్యలో, చిటికెన పుల్లతో అంచు మీద, రెండూ కలిపి, ఒక్కోటి మెత్తగా, మధ్యస్థంగా, గట్టిగా. దెబ్బకీ దెబ్బకీ మధ్య శబ్దం పూర్తిగా ఆగనివ్వాలి. ఫోన్‌ని నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి, దగ్గర పెడితే శబ్దం పగులుతుంది. ఆయనకి డబ్బివ్వండి, పాట బయటికి వచ్చినప్పుడు పేరు వేయండి. ఆ దరువు ఆయన తరతరాల ఆస్తి.

పీజీ గదిలో గొంతు రికార్డు చేయడం ఎలా?

గదిలో నలుగురు, బయట హారన్లు, వంటింట్లో కుక్కర్. ఈ పరిస్థితిలో కండెన్సర్ మైకు కొనొద్దు, అది పక్క గది మాటల్ని కూడా పట్టేస్తుంది. డైనమిక్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని పాడితే చుట్టుపక్కల గోల తగ్గుతుంది. బట్టలు నిండుగా ఉన్న అల్మారా తలుపులు తెరిచి అటు తిరిగి పాడండి, గది మోత తగ్గుతుంది. ఫ్యాను ఆపండి. గుయ్‌మని సన్నటి రొద వస్తుంటే ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి, ఎర్తింగ్ సరిగా లేని గదుల్లో చాలాసార్లు అదే కారణం.

క్రాక్ వెర్షన్ స్నేహితుడి దగ్గరుంది. వాడితే ఏమవుతుంది?

వాడొద్దు. వాటిలో దాక్కుని వచ్చే వైరస్‌లు మీ బ్యాంకు పాస్‌వర్డులున్న అదే మెషీన్‌లోకి వస్తాయి. ఇన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉండగా ఆ అవసరం కూడా లేదు. రేపు మన పాటకి డబ్బు రావాలని కోరుకునే మనం ఇంకొకరి పనిని దొంగిలించకూడదన్నది నా గట్టి నమ్మకం.

పాత సినిమా పాట ముక్క తీసుకుని బీటు కట్టొచ్చా? ఏడు సెకన్ల లోపు పర్లేదంటారు?

మన చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఏదీ లేదు. ఒక పాటలో రెండు రకాల హక్కులుంటాయి. రికార్డింగ్ మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. బాణీ, సాహిత్యం మీద హక్కు ఆ రాసినవాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు నడుస్తుంది. కాబట్టి రికార్డింగ్ పాతబడినా బాణీ ఇంకా వాళ్ల వారసులదే కావచ్చు. ఇంట్లో సాధనకి ఎంతైనా ఆడుకోండి. బయటపెట్టేదాంట్లో మాత్రం మీరు వాయించిందో, అనుమతి ఉన్నదో వాడండి.

ఒక సాఫ్ట్‌వేర్‌లో మొదలుపెట్టి మధ్యలో మారితే పాత పని పోతుందా?

ప్రాజెక్టు ఫైలు ఒకదానిది ఇంకోదాంట్లో సాధారణంగా తెరుచుకోదు. కానీ గీసిన స్వరాల్ని మిడి ఫైలుగా, మోగే ట్రాకుల్ని విడివిడి వేవ్ ఫైళ్లుగా తీసుకుంటే ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు. ప్రతి ట్రాకుని పాట మొదటి సెకను నుంచే తీయండి, అప్పుడు కొత్తచోట పక్కపక్కన పేర్చగానే అన్నీ కలుస్తాయి. టెంపో ఎంతో ఫైలు పేరులోనే రాసుకోండి.

నా సలహా అడిగితే, మూడు పాటలు పూర్తయ్యేదాకా మారొద్దు. ఎనిమిది బార్ల లూపులు యాభై ఉండి ఒక్క పాట కూడా లేనివాళ్లని చాలామందిని చూశాను. పల్లవి, చరణం, ముగింపుతో రెండు నిమిషాలు నడిచే పాటని కట్టడం లూపు కట్టడం కంటే వేరే విద్య. అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఒకేలా నేర్చుకోవాలి.

పాడే స్నేహితురాలికి బీటు పంపాలి. ఏ ఫైలు పంపను?

వేవ్ పంపండి. 44,100 శాంపిల్ రేటు, 16 బిట్, స్టీరియో అయితే నిమిషానికి సుమారు 10 ఎంబీ, మూడు నిమిషాల పాట 30 ఎంబీ. వాట్సాప్‌లో ఆడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పెట్టండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. ఊరికే విని చూడటానికైతే ఎంపీ3 చాలు. టెంపో, శృతి రెండూ మెసేజ్‌లో రాయండి. బీటు మొదట్లో ఒక బార్ టిక్ టిక్ అని లెక్క పెట్టండి, ఎక్కడ ఎత్తుకోవాలో ఆవిడకి తెలుస్తుంది.